ధరలు మైనస్‌లోకి వెళ్లిన ఏడాది, జీతం ఎందుకు చాలలేదు?

2025 జూలైలో ఒక రోజు పొద్దున్నే మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు నన్ను ఆపి ఫోన్‌లో ఒక వార్త చూపించాడు. తెలంగాణలో ద్రవ్యోల్బణం సున్నా కంటే కిందికి పడిపోయిందని ఆ వార్త. ఆయనది నాగర్‌కర్నూల్ వైపు ఊరు. హైదరాబాద్ వచ్చి పన్నెండేళ్లయింది. ఒక్క గదిలో భార్య, ఇద్దరు పిల్లలతో ఉంటాడు. రోజుకు పన్నెండు గంటల డ్యూటీ.

"రేట్లు మైనస్‌ల పోయినయంట గద సార్. మరి నాకేడ తగ్గినయ్?"

ఎత్తిపొడుపుగా అడగలేదు. తెలుసుకోవాలనే అడిగాడు. అప్పటికి నోటికొచ్చిన జవాబేదో చెప్పాను కానీ అది నాకే నచ్చలేదు. తర్వాత కూర్చుని లెక్కలు తీశాను. ఆ ప్రశ్న వెనక నాలుగైదు వేరు వేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. వాటిని విడదీస్తే తప్ప, జీతం పెరుగుతున్నా ఇల్లు ఎందుకు గడవడం లేదో అర్థం కాదు.

ముందు ఆ వార్త సంగతి. అది అబద్ధం కాదు. 2025 జూన్, జూలై నెలల్లో తెలంగాణ ద్రవ్యోల్బణం నిజంగానే సున్నా కిందికి వెళ్లింది. అయితే ద్రవ్యోల్బణం అంటే ధరలు ఎంత ఎత్తులో ఉన్నాయన్నది కాదు. పోయిన ఏడాది ఇదే నెలతో పోలిస్తే ఎంత మారాయన్నది. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది ఇస్తారు. వరద 53 దాటాక "పెరగడం ఆగింది" అని టీవీలో చెబితే కొంత ఊపిరి పీల్చుకుంటాం. కానీ ఇంట్లో నీళ్లు ఉన్నచోటే ఉంటాయి. అడుగు తగ్గినా ఉంటాయి. ద్రవ్యోల్బణం తగ్గడం కూడా అలాంటిదే.

కూరగాయల లెక్క చూస్తే ఇది ఇంకా తేటగా కనిపిస్తుంది. 2024 జూన్‌లో దేశవ్యాప్తంగా కూరగాయల ధరలు అంతకు ముందు ఏడాది కంటే 29 శాతం పెరిగాయి. 2025 జూన్‌లో అవే కూరగాయలు 19 శాతం తగ్గాయి. 2023లో వంద రూపాయలకు వచ్చిన సంచి 2024లో 129 అయింది, 2025లో సుమారు 105కి దిగింది. పేపర్లో కనిపించేది "19 శాతం తగ్గుదల". రెండేళ్ల కిందటి సంచితో పోలిస్తే ఐదు రూపాయలు ఎక్కువే. సంచి 129 ఉన్న రోజుల్లో ఇల్లు గడవక తెచ్చిన చేబదులు ఉంటుంది చూడండి, అది మాత్రం కూరగాయలతో పాటు కిందికి రాదు. ధర దిగినా అప్పు దిగదు.

ఎవరి సంచి కొలుస్తున్నారు?

వినియోగదారుల ధరల సూచీ అంటే ఒక పెద్ద సంచి. అందులో ఏ సరుకుకు ఎంత బరువు ఇవ్వాలో జనం ఖర్చుల సర్వే చూసి నిర్ణయిస్తారు. 2025లో వాడుతున్న సూచీకి ఆధార సంవత్సరం 2012. దాని బరువులు 2011-12 సర్వే నుంచి వచ్చాయి. అందులో తిండి, పానీయాలది దాదాపు 46 శాతం. ఇంటి అద్దెకు 10 శాతం. అదీ పట్టణాలదే, పల్లెల్లో అద్దెకు ఆ సూచీలో చోటే లేదు. చదువుకు నాలుగున్నర శాతం లోపు, వైద్యానికి ఆరు శాతం లోపు.

ఇప్పుడు మా గార్డు సంచి చూద్దాం. చేతికొచ్చేది నెలకు 14,000. గది అద్దె 5,000. అంటే జీతంలో మూడో వంతు కంటే ఎక్కువ అద్దెకే పోతోంది. పిల్లల ఫీజులు, సిలిండర్, రెండు ఫోన్ల రీచార్జ్, బస్సు ఛార్జీలు తీసేస్తే వంటింటికి మిగిలేది ఎంతో ఊహించుకోవచ్చు. సూచీలో కూరగాయలు, పప్పులు పడిపోతే మొత్తం సగటు పడిపోతుంది. ఆయన సంచిలో బరువైనవి అవి కావు. ఆ జూన్‌లోనే దేశం మొత్తం మీద విద్య, వైద్యం ఖర్చులు నాలుగు శాతానికి పైగా పెరిగాయి. అప్పటికి హైదరాబాద్‌లో సిలిండర్ 905 రూపాయలు, లీటరు పెట్రోలు 107 రూపాయల పైమాట. మెట్రో ఛార్జీలు పెరిగింది కూడా ఆ ఏడాది మే నెలలోనే.

ఇందులో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచిన సంగతి ఒకటుంది. ఖర్చులన్నీ ఒక రకం కావు. అద్దె ఐదో తారీఖు లోపల కట్టాలి. ఫీజు టర్మ్ మొదట్లోనే కట్టాలి. ఈఎంఐ తేదీకి కట్టకపోతే పెనాల్టీ పడుతుంది. ఇవన్నీ పోయాక మిగిలిన దాంతో వండుకోవాలి. ఈ నెల సగం అద్దె ఇస్తానంటే ఓనరు ఒప్పుకోడు. పప్పులో నీళ్లు మాత్రం ఎక్కువ పోయొచ్చు. అందుకే ఫీజు పెరిగిన దెబ్బ ఫీజు దగ్గర కనపడదు, పళ్లెంలో కనపడుతుంది. పాలు లీటరు నుంచి అర లీటరు అవుతాయి. ఆదివారం మాంసం నెలకోసారి అవుతుంది.

కుటుంబాల వినియోగ సర్వే ప్రకారం 2011-12లో పట్టణ కుటుంబాల ఖర్చులో తిండి వాటా 42.6 శాతం ఉంటే 2023-24 నాటికి 39.7కి తగ్గింది. పల్లెల్లో దాదాపు 53 నుంచి 47కి. ఆదాయం పెరిగితే తిండి వాటా తగ్గుతుందన్నది ఆర్థిక శాస్త్రంలో పాత సూత్రం. చాలా కుటుంబాల విషయంలో అది నిజమే కావచ్చు. కానీ అద్దె, ఫీజు, ఆసుపత్రి బిల్లు మింగేయడం వల్ల తిండి వాటా తగ్గిన ఇల్లు కూడా ఆ పట్టికలో "మెరుగుపడిన" ఇల్లుగానే కనపడుతుంది. ఆ రెండు ఇళ్లను విడదీసి చూడకుండా సంతోషపడటం నాకు సబబుగా అనిపించదు.

2026 ఫిబ్రవరి నుంచి 2024ను ఆధారంగా తీసుకుని కొత్త సూచీ వచ్చింది. తిండి బరువు 37 శాతం దగ్గరికి తగ్గింది, పల్లెల అద్దె కూడా చేరింది. మంచి మార్పే. కానీ వ్యవసాయ కూలీల కోసం వేసే సూచీ సంగతి చూడండి. ఉపాధి హామీ కూలిని ఏటా సవరించడానికి ఆధారంగా వాడింది అదే. మొన్న మొన్నటి దాకా దాని సంచి 1983 నాటి ఖర్చుల సర్వే ప్రకారం కట్టింది. అందులో తిండి వాటా 69 శాతం. 1983లో పల్లెటూళ్లో ఫోన్ రీచార్జ్ లేదు. ఇంగ్లిష్ మీడియం బడి ఆటో కిరాయి లేదు. నలభై ఏళ్ల నాటి ఆ సంచి పట్టుకునే కూలి రేటు నిర్ణయించారు. 2025-26కి ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఉపాధి హామీ కూలి 300 నుంచి 307 అయింది. ఏడు రూపాయలు. అదీ కొలతల ప్రకారం పని పూర్తయితేనే చేతికి వచ్చే గరిష్ఠం. న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. పదేళ్ల మీద చూస్తే ఈ కూలి ధరలతో పాటు నడిచింది, కాస్త ముందే ఉంది. కానీ ధరలతో సమానంగా నడవడం అంటే బతుకు ఉన్నచోటే ఉండటం.

ధర దానంతటదే మారుతుంది, జీతాన్ని ఎవరో మార్చాలి

పెట్రోలు పంపులో మీటరు మారడానికి ఎవరూ ధర్నా చేయనక్కరలేదు. ఓనరు అద్దె పెంచడానికి కమిటీ వేయనక్కరలేదు. జీతం అలా కాదు. అది పెరగాలంటే ఒక జీవో రావాలి, లేదా ఒక మీటింగ్ జరగాలి, లేదా అప్రైజల్‌లో మేనేజరు దయ తలచాలి. ఈ తేడాలోనే అసలు చిక్కంతా ఉంది. ధరకూ జీతానికీ మధ్య ఎంత ఆలస్యం ఉంటే అంత సొమ్ము పనిచేసేవాడి జేబులోంచి పోయినట్టే.

ఈ ఆలస్యం అందరికీ ఒకేలా ఉండదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు ఏడాదికి రెండుసార్లు డీఏ (కరువు భత్యం) లెక్క కడతారు. ఇది ఉన్నవాటిలో గట్టి రక్షణ. అయినా కోవిడ్ కాలంలో 2020 జనవరి నుంచి మూడు వాయిదాల డీఏ ఆపేశారు. 2021 జూలైలో 17 శాతం నుంచి ఒకేసారి 28కి పెంచారు గానీ ఆ ఏడాదిన్నర బకాయి ఇవ్వలేదు. రాష్ట్ర ఉద్యోగుల పరిస్థితి ఇంకాస్త వెనక. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ డీఏ వాయిదాలు పెండింగ్‌లో పడటం మామూలైపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో 11వ పీఆర్సీ (వేతన సవరణ) అప్పుడు 27 శాతం ఐఆర్ (మధ్యంతర భృతి) తీసుకుంటున్న ఉద్యోగులకు 23 శాతం ఫిట్‌మెంట్ (మూల వేతనం మీద పెంపు) ప్రకటించారు, ఇంటి అద్దె భత్యం శ్లాబులు తగ్గించారు. పీఆర్సీ వచ్చాక చేతికొచ్చేది పెరగాల్సింది పోయి తగ్గుతుందన్న భయంతోనే 2022 ఫిబ్రవరి 3న వేలాది మంది విజయవాడ రోడ్ల మీదికి వచ్చారు. సంఘం ఉన్నవాళ్ల పరిస్థితే ఇలా ఉంటే, లేనివాళ్ల మాట చెప్పనక్కరలేదు.

కనీస వేతనం దగ్గర కాసేపు ఆగాలి. మా గార్డు లాంటి వాళ్లకు ఉన్న ఒకే ఒక్క చట్టపు ఆసరా ఇదే. 1957లో జరిగిన 15వ భారత కార్మిక సదస్సు కనీస వేతనాన్ని ఎలా లెక్కకట్టాలో ఒక పద్ధతి చెప్పింది. కుటుంబం అంటే భర్త, భార్య, ఇద్దరు పిల్లలు. భర్త ఒక యూనిట్, భార్య 0.8, పిల్లలు చెరో 0.6. మొత్తం మూడు యూనిట్లు. ఒక్కో యూనిట్‌కు రోజుకు 2,700 కేలరీల తిండి. కుటుంబానికి ఏడాదికి 72 గజాల బట్ట. వంటచెరకు, దీపం, ఇతర ఖర్చులకు మొత్తం వేతనంలో 20 శాతం. 1991లో సుప్రీంకోర్టు రెప్టకోస్ బ్రెట్ కేసులో పిల్లల చదువు, వైద్యం, పండుగలు, ముసలితనం కోసం ఇంకో 25 శాతం కలపాలని చెప్పింది.

ఆ పద్ధతిని నేను చులకన చేయను. ఆ రోజుల్లో అది పెద్ద ముందడుగు. కానీ ఆ మూడు యూనిట్లను ఇంకోసారి చూడండి. అమ్మానాన్నలు ఎక్కడున్నారు? మన ఇళ్లలో జీతం తెచ్చేవాడి మీద ఆధారపడిన ముసలివాళ్లు లేని ఇల్లు ఎన్ని? ఊళ్లో ఉన్న తల్లికి బీపీ మాత్రలు, షుగర్ మాత్రలు నెలనెలా పంపే ఖర్చుకు ఆ లెక్కలో చోటు లేదు. ఇంటి ఆడమనిషి 0.8 యూనిట్ ఎందుకైందో ఆమెకు ఎవరు చెబుతారు? ఇక పాత వేతన చట్టాల స్థానంలో కేంద్రం తెచ్చిన వేతనాల కోడ్ కోసం 2020లో విడుదల చేసిన ముసాయిదా నిబంధనల్లో అద్దెను తిండి, బట్టల ఖర్చులో 10 శాతంగా లెక్కకట్టమన్నారు. తిండికీ బట్టకూ నెలకు 12,000 అయ్యే కుటుంబానికి అద్దె 1,200 అన్నమాట. హైదరాబాద్‌లో గానీ, విజయవాడలో గానీ, విశాఖలో గానీ 1,200కి నలుగురు ఉండే గది ఎక్కడ దొరుకుతుంది?

లెక్క ఎలా ఉన్నా, దాన్ని సమయానికి సవరిస్తే కొంతైనా మేలు. 1948 కనీస వేతనాల చట్టం ఐదేళ్లకు మించకుండా సవరించాలని చెప్పింది. తెలంగాణ ఏర్పడి పదేళ్లు దాటినా, 2025 నాటికి చాలా రంగాల్లో కొత్త బేసిక్ (మూల వేతనం) అమల్లోకి రాలేదు. 2021 జూన్‌లో ఐదు రంగాలకు జీవోలు ఇచ్చారు కానీ గెజిట్‌లో అచ్చు కాకపోవడంతో అవి కాగితం మీదే ఉండిపోయాయి. ఈలోగా జరిగేది ఏమిటంటే, ఆరు నెలలకోసారి పాత బేసిక్ మీద వీడీఏ (ధరల సూచీని బట్టి మారే కరువు భత్యం) కలుపుతారు. చాలామంది దీన్నే జీతం పెరగడం అనుకుంటారు. కాదు. వీడీఏ జీతాన్ని పెంచదు, కరిగిపోకుండా కాస్త ఆపుతుంది. బేసిక్ ఎప్పుడు కట్టారో ఆనాటి బతుకును ఇవాళ్టి ధరల్లో ఇస్తుంది. ఆ తర్వాత బతుక్కి కొత్తగా వచ్చి చేరిన అవసరాలు ఆ అంకెలో ఉండవు.

కేంద్రం మొత్తం దేశానికి ప్రకటించిన కనీస స్థాయి వేతనం 2017లో రోజుకు 176 రూపాయలు, 2019లో 178. అప్పటికే అనూప్ సత్పతి కమిటీ రోజుకు 375 ఉండాలని నివేదిక ఇచ్చింది. దాన్ని పక్కన పెట్టి రెండు రూపాయలు పెంచారు. 2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వేతనాల కోడ్ ప్రకారం కేంద్రం ప్రకటించే ఫ్లోర్ వేజ్ (కనీస స్థాయి వేతనం) కంటే ఏ రాష్ట్రమూ తక్కువ ఇవ్వకూడదు. ఆ ఫ్లోర్ 178 దగ్గర ఉంటుందా, 375ను ఇవాళ్టి ధరలకు మార్చిన చోట ఉంటుందా అన్నదాని మీదే ఆ కోడ్ విలువ ఆధారపడి ఉంటుంది.

కనీస వేతనం అన్న మాట కూడా దక్కనివాళ్లు ఉన్నారు. అంగన్‌వాడీ టీచర్లకు ఇచ్చేదాన్ని జీతం అనరు, "గౌరవ వేతనం" అంటారు. ఆ ఒక్క మాటతో కనీస వేతనాల లెక్క నుంచి వాళ్లు బయటికి పోయారు. కేంద్రం లెక్క ప్రకారం అది 2018లో 4,500 అయింది, 2025 దాకా కదల్లేదు. దానిపైన రాష్ట్రాలు కలుపుతాయి. ఆంధ్రప్రదేశ్‌లో 11,500 తీసుకుంటున్న అంగన్‌వాడీలు 26,000 అడుగుతూ 2023 డిసెంబర్ 12 నుంచి 42 రోజులు సమ్మె చేశారు. మధ్యలో వాళ్ల మీద ఎస్మా (అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే చట్టం) ప్రయోగించారు. పనిని అత్యవసర సేవ అన్నారు, ఆ పని చేసినందుకు ఇచ్చేదాన్ని జీతం అనలేదు. బళ్లలో మధ్యాహ్న భోజనం వండే అమ్మలకు కేంద్రం లెక్క ప్రకారం నెలకు 1,000 రూపాయలు. అది 2009 నాటి అంకె.

చదువుకున్న పిల్లల సంగతి వేరేగా ఉందనుకుంటాం. హైదరాబాద్‌లో పెద్ద ఐటీ కంపెనీల్లో చేరే ఫ్రెషర్‌కు 2012 ప్రాంతంలో ఏడాదికి మూడు, మూడుంపావు లక్షల ప్యాకేజీ ఉండేది. 2024లోనూ చాలామందికి మూడున్నర లక్షల చుట్టుపక్కలే. 2012ను వంద అనుకుంటే 2024 చివరికి ధరల సూచీ 195 దాటింది. అంటే ఇప్పటి మూడున్నర లక్షలు 2012 నాటి లెక్కలో లక్షా ఎనభై వేలు కూడా కావు. అప్పటి ఫ్రెషర్‌తో సమానంగా ఉండాలంటే ఇవాళ ఆరు లక్షల చుట్టుపక్కల రావాలి. నాన్న అప్పు చేసి కట్టిన ఇంజినీరింగ్ ఫీజు, ఊళ్లో అమ్మిన అర ఎకరం, అమీర్‌పేట కోచింగ్, హాస్టల్ బిల్లు, ఇవన్నీ ఆ లక్షా ఎనభై వేలలోంచి తీరాలి. "మావాడికి సాఫ్ట్‌వేర్ జాబ్ వచ్చింది" అని స్వీట్లు పంచిన ఇంట్లో రెండేళ్లకే మాటలు ఎందుకు తగ్గిపోతాయో ఈ లెక్క తెలిస్తే అర్థమవుతుంది.

గడ్డకట్టిన అంకెలు

జీతాల గురించి మాట్లాడేటప్పుడు ఎవరూ పెద్దగా పట్టించుకోని సంగతి ఒకటుంది. చట్టాల్లో కొన్ని అంకెలు ఒకసారి రాసి వదిలేస్తారు. ధరలు వాటి పక్కనుంచి సాగిపోతుంటాయి.

పీఎఫ్‌తో పాటు ఉండే పింఛను పథకం ఈపీఎస్‌లో కనీస పింఛను 2014 సెప్టెంబర్ నుంచి 1,000 రూపాయలు. పదేళ్లలో ధరలు పెరిగిన లెక్క వేస్తే అది అప్పటి ఆరు వందల రూపాయలతో సమానం. అరవై నుంచి డెబ్బై తొమ్మిదేళ్ల పేదలకు కేంద్రం ఇచ్చే వృద్ధాప్య పింఛనులో దాని వాటా ఇప్పటికీ 200 రూపాయలే. రాష్ట్రాలు తమ డబ్బు కలుపుతున్నాయి కాబట్టే ఆంధ్రప్రదేశ్‌లో 4,000, తెలంగాణలో 2,016 అందుతున్నాయి. వృత్తి పన్ను చూడండి. నెల జీతం 15,000 దాటితే 150, 20,000 దాటితే 200. ఈ శ్లాబులు కట్టినప్పుడు 15,000 అంటే ఒక మోస్తరు జీతం. ఇవాళ అది పన్ను వేయదగ్గ జీతమేనా?

వీటన్నిటిలో నన్ను బాగా బాధపెట్టేది ఈఎస్‌ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) గీత. 2017 జనవరి నుంచి నెల జీతం 21,000 లోపు ఉన్నవాళ్లకే ఈఎస్‌ఐ వర్తిస్తుంది. ఉద్యోగి వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. ఆ కొద్ది మొత్తానికి కుటుంబమంతటికీ వైద్యం దొరుకుతుంది. సనత్‌నగర్ ఈఎస్‌ఐ ఆసుపత్రిలో గుండె ఆపరేషన్లు, క్యాన్సర్ చికిత్స చేయించుకున్న కార్మిక కుటుంబాలు ఎన్నో. ఇప్పుడు 20,800 తీసుకునే మనిషికి ఐదు వందల రూపాయల ఇంక్రిమెంట్ ఇస్తే ఏమవుతుంది? గీత దాటతాడు. నడుస్తున్న కాంట్రిబ్యూషన్ గడువు అయిపోగానే కుటుంబానికి ఆ కార్డు పోతుంది. నెలకు ఐదు వందలు వచ్చినట్టే వచ్చి, తల్లి డయాలసిస్ ఖర్చు నెత్తిన పడుతుంది. ధరలకు తగ్గట్టు పెరిగిన జీతం మనిషిని ఒక్క మెట్టు కూడా పైకి ఎక్కించలేదు. కానీ చట్టం దృష్టిలో మాత్రం ఆయన "బాగుపడ్డాడు". 21,000ను కూడా ధరలతో పాటు పెంచుతూ ఉంటే ఈ అన్యాయం జరగదు. ఇది పెద్ద సంస్కరణ కూడా కాదు.

మరి డబ్బు ఎటు పోతోంది?

2024-25 ఆర్థిక సర్వేలోనే ప్రభుత్వం ఈ సంగతి రాసింది. ధరల పెరుగుదల తీసేసి చూస్తే, నెల జీతం తీసుకునే మగవాళ్ల సగటు సంపాదన 2017-18లో 12,665 ఉంటే 2023-24లో 11,858కి తగ్గింది. ఆడవాళ్లది 10,116 నుంచి 8,855కి. రోజు కూలీల నిజ వేతనం ఆ కాలంలో కొంత పెరిగింది. ఆ మేరకు సంతోషమే. నెల జీతమే భద్రమైన బతుకు అనుకుని పల్లె నుంచి పట్నం వచ్చినవాళ్లు మాత్రం వెనకబడ్డారు. అదే సర్వే ప్రకారం 2023-24లో పెద్ద కంపెనీల లాభాలు 22.3 శాతం పెరిగితే ఉద్యోగాలు ఒకటిన్నర శాతమే పెరిగాయి. ఉత్పత్తి జరుగుతోంది, అమ్మకం జరుగుతోంది, లాభం వస్తోంది. ఆ పెరుగుదలలో పనిచేసేవాడి వాటా అడిగే చోటు లేకుండా పోతోంది.

అడిగే చోటు ఎలా పోయిందో చూడటానికి దూరం వెళ్లనక్కరలేదు. మా గేటు చాలు. ఒక గార్డు కోసం మా అసోసియేషన్ ఏజెన్సీకి కట్టేది నెలకు 22,000 దాటుతుంది. ఆయన చేతికొచ్చేది 14,000. మధ్యలో పీఎఫ్, ఈఎస్‌ఐలలో యజమాని వాటా, ఆయన వాటా కటింగులు, వారాంతపు సెలవుకు రిలీవర్ ఖర్చు, ఏజెన్సీ సర్వీస్ ఛార్జి, అన్నిటి మీదా 18 శాతం జీఎస్టీ. మేం "గార్డుకు ఇరవై రెండు వేలు ఇస్తున్నాం" అనుకుంటాం. ఏజెన్సీ "క్లయింట్ రేటు పెంచట్లేదు" అంటుంది. గార్డు ఎవరిని అడగాలి? పని చేయించుకునేవాళ్లు ఒకరు, జీతం ఇచ్చేవాళ్లు ఒకరు. ప్రభుత్వ ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో, ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ పేరుతో జరుగుతున్నదీ ఇదే. టెండరు ఎవరు తక్కువకు వేస్తే వాళ్లకే వస్తుంది. తక్కువకు వేయాలంటే తగ్గించగలిగేది మనిషి జీతమో, మనుషుల సంఖ్యో. జీఎస్టీ తగ్గదు, డీజిల్ తగ్గదు.

రెండేళ్ల కింద మా అసోసియేషన్ మీటింగ్‌లో గార్డుల జీతం వెయ్యి రూపాయలు పెంచుదామని ఒక పెద్దావిడ ప్రతిపాదించింది. ఫ్లాటుకు నెలకు యాభై రూపాయలు కూడా పడదు. మెయింటెనెన్స్ పెరుగుతుందని చాలామంది ఒప్పుకోలేదు. ఆ రోజు నేనూ చెయ్యి ఎత్తలేదు. నాకూ ఆ నెల బడి ఫీజు టెన్షన్ ఉంది. జీతం చాలని మనిషి ఇంకో మనిషి జీతం పెంచడానికి వెనకాడతాడు. ఇలా ఒకరి వెనక ఒకరం ఆగిపోయాం. ఆ పెద్దావిడ ముఖం ఇప్పటికీ గుర్తొస్తుంది.

జీతాలు పెంచితే ధరలు ఇంకా పెరుగుతాయి కదా అని చాలామంది అంటారు. కొట్టిపారేయాల్సిన మాట కాదు. అందరి జీతాలూ ఒకేసారి పెరిగి సరుకు అంతే ఉంటే ధర పెరుగుతుంది. కానీ మన దగ్గర మొన్న ధరలు మండిపోయింది అందుకా? 2022 ఏప్రిల్‌లో ద్రవ్యోల్బణం 7.79 శాతానికి చేరింది. ఉక్రెయిన్ యుద్ధంతో పొద్దుతిరుగుడు నూనె ఆగిపోయింది, ఇండోనేషియా పామాయిల్ ఎగుమతులు ఆపింది, ముడిచమురు పెరిగింది. మన వంటింట్లో నూనె ప్యాకెట్ రెండు వందల దాకా ఎగబాకింది. 2023 జూలైలో టమాటా 150 దాటింది. అది మదనపల్లె మార్కెట్‌కు సరుకు రాకపోవడం వల్లే తప్ప, కోత కోసిన కూలీకి ఎక్కువ ఇవ్వడం వల్ల కాదు. ఏ జీతమూ కారణం కాని ధరల భారం మాత్రం జీతగాడి మీదే పడింది.

అక్కడితోనూ ఆగలేదు. ధరలు అదుపు చేయడానికి రిజర్వ్ బ్యాంకు 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపల రెపో రేటును (బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీని) 4 నుంచి 6.5 శాతానికి పెంచింది. ఇరవై ఏళ్ల గడువుతో 30 లక్షల హోమ్ లోన్ ఉన్నవాళ్లకు వడ్డీ 7 నుంచి 9.5 అయితే ఈఎంఐ 23,260 నుంచి 27,960 దాకా పోతుంది. నెలకు 4,700 ఎక్కువ. చాలా బ్యాంకులు ఈఎంఐ పెంచకుండా గడువు పొడిగించాయి. అంటే రిటైరయ్యాక కూడా కట్టే అప్పు. మొదట ధర, తర్వాత ఆ ధరకు వేసిన మందు, రెండూ ఒకే జేబులోంచి పోయాయి. 2022-23లో దేశంలో కుటుంబాల నికర ఆర్థిక పొదుపు జీడీపీలో 5 శాతం దగ్గరికి జారి, కొన్ని దశాబ్దాల్లోనే కనిష్ఠమైంది.

మీ జీతం నిజంగా పెరిగిందో లేదో మీరే చూసుకోవచ్చు. ప్రతి నెలా 12న కేంద్ర గణాంక శాఖ ధరల సూచీ విడుదల చేస్తుంది. మీ పాత జీతం ఏ నెలదో ఆ నెల సూచీ, ఈ నెల సూచీ తీసుకోండి. కొత్త సూచీని పాతదానితో భాగించి, పాత జీతంతో గుణించండి. మధ్యలో ఆధార సంవత్సరం మారితే, రెండు సూచీలను జతచేయడానికి ఇచ్చే లింకింగ్ అంకెతో కొత్త సూచీని ముందు గుణించుకోవాలి. వచ్చిన మొత్తం కంటే మీ జీతం తక్కువ ఉంటే, హైక్ లెటర్‌లో ఏమున్నా, మీ జీతం తగ్గింది. పదిమంది ఈ లెక్క ఒకే కాగితం మీద వేసుకుని వెళ్లి అడిగితే ఆ మాటకు వేరే బరువు ఉంటుంది. ఒక్కడు అడిగితే "నీ ప్లేసులో చేయడానికి ఇంకా పదిమంది ఉన్నారు" అంటారు. మా గార్డుకు ఏజెన్సీ సూపర్‌వైజర్ చెప్పింది అదే.

మళ్లీ గేటు దగ్గరికి వెళ్లినప్పుడు ఆయనతో కూర్చుని విజిటర్స్ రిజిస్టర్ వెనక పేజీలో ఈ లెక్క వేశాను. 2019 జూన్‌లో ఆయన చేతికొచ్చింది 11,000. ఆరేళ్లలో దేశంలో ధరల సూచీ దాదాపు 36 శాతం పెరిగింది. అప్పటి బతుకే గడవాలన్నా ఇప్పుడు 14,960 రావాలి. వస్తున్నది 14,000. నెలకు 960 తక్కువ. ఏడాదికి పదకొండు వేల ఐదు వందల పైన. అంటే ఆరేళ్ల అనుభవం తర్వాత, ఏడాదిలో దాదాపు ఇరవై ఐదు రోజులు ఉత్త పుణ్యానికి పని చేస్తున్నట్టు.

ఆయన ఆ పేజీని చాలాసేపు చూశాడు. తర్వాత జాగ్రత్తగా చింపి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "బీ బ్లాకుల ఇద్దరు, వెనక గేటుకాడ ఒకాయన ఉన్నరు సార్. వాళ్లది గూడ ఏద్దాం" అన్నాడు. వచ్చే నెల మా అసోసియేషన్ జనరల్ బాడీ మీటింగ్ ఉంది. ఈసారి ఆ ప్రతిపాదన నేనే పెడుతున్నాను.